తొమ్మిదితో తెగిన లెక్క

(17-12-2024న పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ భవనంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు ప్రాముఖ్యం మీకు తెలియనిది కాదు. పెన్షన్ అనేది ప్రభుత్వం దయదలచి ఇచ్చే దానం కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏటా ఈ రోజున మనం డి.ఏ. బకాయిల గురించో, వైద్య బిల్లుల గురించో మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "అవి చెప్పేవారు చాలామంది ఉన్నారు, మీరేదైనా కొత్త విషయం చెప్పండి" అన్నారు. నేను చెప్పబోయేది ఇంజనీరింగ్ పిల్లలు చదివే ఒక లెక్కల పాఠం. కంగారు పడకండి. భోజనాల వేళకు ముందే ముగిస్తాను.

నన్ను గురించి రెండు ముక్కలు చెప్పాలి. 1967లో లెక్కలతో పి.యు.సి. ప్యాసయ్యాను. డిగ్రీలో చేరే స్తోమత లేక టైపు నేర్చుకుని, గ్రూప్ ఫోర్ పరీక్ష రాసి, 1972లో ఒక ఖజానా కార్యాలయంలో ఎల్.డి.సి.గా చేరాను. 2008లో రిటైరయ్యేనాటికి సీనియర్ అసిస్టెంటును. ముప్పై ఆరేళ్ళు బిల్లులు, చలానాలు, పెన్షన్ జాబితాలు, కూడికలు. లెక్కలతోనే బతికాను గాని, లెక్కలు చదవలేదన్న వెలితి మాత్రం ఉండిపోయింది.

మా పెద్దబ్బాయి కూతురు గుంటూరు వైపు ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్సు చదువుతున్నది. ఇంటర్మీడియట్‌లో వెయ్యికి తొమ్మిది వందల అరవై దాటి తెచ్చుకున్న పిల్ల. ఈ ఏడాది రెండో సంవత్సరం మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చాయి. అన్నీ ప్యాసై, డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ అనే ఒక్క పేపరులో తప్పింది. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజున "నాకీ చదువు వద్దు, మానేస్తాను" అన్నది. వాళ్ళ నాన్న అప్పు తెచ్చి కట్టిన ఫీజు లెక్క చెప్పి కేకలేశాడు. వాళ్ళమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. మా ఇంటావిడ దిష్టి తీసింది. నాకేం చేయాలో తోచక, "ఆ పుస్తకం ఇలా ఇవ్వమ్మా, చూస్తాను" అన్నాను.

"చూసి ఏం చేస్తారు తాతయ్యా?" అన్నది.

"చేసేదేమీ లేదు. ముప్పై ఆరేళ్ళు అర్థం కాని జీ.వో.లు చదివినవాణ్ణి. ఇదీ అలాంటిదే ఒకటి అనుకుంటాను" అన్నాను. ఆ పిల్ల మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

అసలు ఈ డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ అంటే ఏమిటి? తెలుగులో వివిక్త గణితం అంటారు. పేరు చూసి భయపడనక్కర లేదు. లోకంలో కొన్ని కొలిచేవి ఉంటాయి, కొన్ని లెక్కపెట్టేవి ఉంటాయి. పాలు కొలుస్తాం, బిందెలు లెక్కపెడతాం. కాలవలో నీటి పారుదల, ఇంజనులో వేడి తెగకుండా మారుతూ ఉంటాయి. వాటికి వేరే గణితం ఉంది. కంప్యూటరులో మాత్రం ఏదైనా రెండే స్థితులు: ఉంది, లేదు. ఒకటి, సున్న. విడివిడిగా నిలబడే వస్తువులను లెక్కపెట్టడం, వర్గాలుగా విడదీయడం, వరుసలో పెట్టడం, ఒకదానికొకటి సంబంధం చూపడం, ఒక మాట నుంచి మరొక మాట తప్పు లేకుండా రాబట్టడం, ఇవే ఈ సబ్జెక్టులోని అధ్యాయాలు. ఇందులో మనం ఆఫీసులో చేయనిది ఏది? ఒక ఫైలు ముగిసినప్పుడు ఆర్.డిస్.లోనో, డి.డిస్.లోనో, ఎల్.డిస్.లోనో వేసేవాళ్ళం. ప్రతి ఫైలూ ఏదో ఒక దానిలో ఉండాలి, రెండింట్లో ఉండకూడదు. దాన్ని వీళ్ళు విభజన అంటారు. తపాలా విడదీసే గూళ్ళ రాక్ మనందరికీ గుర్తే. పన్నెండు గూళ్ళలో పదమూడు కాగితాలు పెడితే ఏదో ఒక గూట్లో కనీసం రెండు ఉండి తీరతాయి. దానికి పావురాల గూళ్ళ సూత్రమనే పేరుంది. ఈ హాలులో ఏ పదమూడు మందిని తీసుకున్నా ఒకే నెలలో పుట్టినవారు ఇద్దరు తప్పనిసరి. మన విషయంలో సూత్రంతో పనేముంది లెండి, బడిలో వేసిన హెడ్మాస్టరుగారి పుణ్యాన సగం మందికి జూలై 1వ తేదీయే.

మా మనవరాలి ఇబ్బంది ఎక్కడో నాకు వారం రోజుల్లో తెలిసింది. ఇంటర్ దాకా ఆ పిల్ల చేసింది సూత్రం గుర్తుపెట్టుకుని అంకెలు వేయడం. ఇక్కడ ప్రతి ప్రశ్న చివరా "నిరూపించుము" అని ఉంటుంది. "సూత్రం ఏది తాతయ్యా? ఏది ఎక్కడ వేయాలి?" అని అడిగేది. పాపం, తప్పు పిల్లది కాదు. అలా అడగడమే మనం నేర్పించాం.

మొదటి అధ్యాయం ప్రవచనాలు, సత్యపట్టికలు. మీ పిల్లలు పాత సిలబస్‌లో పదో తరగతి చదివి ఉంటే వాళ్ళకు ఇవి గుర్తుంటాయి. ఒక మాట నిజమైనా కావాలి, అబద్ధమైనా కావాలి. మూడు మాటలు కలిస్తే నిజం, అబద్ధం ఎన్ని విధాలుగా రావచ్చునో అన్నీ వరుసగా రాయాలి. ఎనిమిది వరుసలు. మా పిల్ల ఎప్పుడు రాసినా ఆరో, ఏడో రాసి ఒకటి మరిచిపోయేది, ఇంకొకటి రెండుసార్లు రాసేది. నేనన్నాను, "నీకు ఛందస్సు చెప్పారా?" "చెప్పారు, యమాతారాజభానసలగం" అన్నది. "గురువును నిజమనుకో, లఘువును అబద్ధమనుకో. ఇప్పుడు రాయి."

చూడండి ఎంత చక్కగా ఉంటుందో. య-మా-తా, మొదటి మూడక్షరాలు యగణం. ఒకటి వదిలి మా-తా-రా, మగణం. మళ్ళీ ఒకటి జరిగి తా-రా-జ, తగణం. అలా ఒక్కొక్క అక్షరం జరుగుతూ పోతే ఎనిమిది గణాలూ వస్తాయి. ఒక్కటి తప్పదు, ఒక్కటి రెండుసార్లు రాదు. విడివిడిగా రాస్తే ఇరవై నాలుగు అక్షరాలు కావాలి, ఇక్కడ పదే ఉన్నాయి. ఇలా ఒకదానిలో ఒకటి ఇమిడేట్లు పేర్చిన వరుసలను ఇప్పుడు డి బ్రూయిన్ వరుసలంటారు. 1946లో వ్యాసం రాసిన హాలెండు దేశపు గణితవేత్త పేరది. బడిలో మనం బెత్తం దెబ్బలకు భయపడి బట్టీపట్టిన మాటలో ఇంత ఉందని నాకు డెబ్భై నాలుగో ఏట తెలిసింది. పిల్ల మటుకు ఆ తర్వాత సత్యపట్టికలో ఒక్క వరుస కూడా తప్పలేదు.

ఈ నిజం-అబద్ధాల లెక్కను 1854లో పుస్తకంగా రాసిన జార్జి బూల్ ఒక చెప్పులు కుట్టే ఆయన కొడుకు. విశ్వవిద్యాలయానికి విద్యార్థిగా పోలేదు. సొంతంగా చదువుకుని కళాశాలలో ప్రొఫెసరైనాడు. ఆయన లెక్క ఎనభై ఏళ్ళపాటు పుస్తకాల్లోనే ఉండిపోయింది. 1937లో క్లాడ్ షానన్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ అమెరికా విద్యార్థి, విద్యుత్ స్విచ్చులు వేయడం తీయడం కూడా అదే లెక్క అని తన సిద్ధాంత వ్యాసంలో చూపించాడు. కంప్యూటరు లోపలి వలయాల రూపకల్పనకు పునాది అదే.

ఇక ఈ ప్రసంగంలో నేను అసలు చెప్పదలచుకున్న విషయానికి వస్తాను.

ఒక సాయంత్రం పిల్లకు నాకు తెలిసిన విద్య ఒకటి చూపించి మెప్పు పొందుదామనుకున్నాను. ఖజానాలో చేరిన కొత్తలో మా పెద్ద గుమాస్తాగారు నేర్పింది. కూడిక కలవనప్పుడు తేడాను తొమ్మిదితో భాగించి చూడు, శేషం లేకుండా తెగితే ఎక్కడో రెండంకెలు తారుమారు వేశావు, వెతుకు అనేవారు. 5,940 రూపాయలను 5,490 అని రాస్తే తేడా 450. తొమ్మిది యాభైలు. ఈ చిట్కాతో రాత్రి ఎనిమిదికి ఇంటికి పోవలసినవాణ్ణి ఆరింటికే పోయిన రోజులెన్నో.

పిల్ల విని "ఎందుకు తాతయ్యా?" అన్నది.

ముప్పై ఆరేళ్ళు వాడాను. ఎందుకని ఒక్కనాడూ అడగలేదు. "పెద్దలు చెప్పారు" అన్నాను. ఆ పిల్ల కాగితం తీసుకుని మూడు వరుసల్లో రాసింది. పదుల స్థానంలో ఒక అంకె, ఒకట్ల స్థానంలో ఒక అంకె ఉన్నాయనుకుందాం. మొదటి అంకెకు పది రెట్లు, రెండో అంకెకు ఒక రెట్టు విలువ. తారుమారు చేస్తే మొదటిది తొమ్మిది రెట్లు తగ్గుతుంది, రెండోది తొమ్మిది రెట్లు పెరుగుతుంది. కనుక మొత్తం మీద వచ్చే తేడా, ఆ రెండంకెల మధ్య తేడాకు సరిగ్గా తొమ్మిది రెట్లు. వందల్లోనో వేలల్లోనో జరిగితే వెనక సున్నలు చేరతాయి, అంతే. రాసి తలెత్తి, "మీ పెద్ద గుమాస్తాగారు చెప్పింది మాత్రం తిరగేసి చెప్పారు తాతయ్యా" అన్నది.

అదెలాగంటే, అంకెలు తారుమారైతే తేడా తొమ్మిదితో తెగుతుంది, ఇది నిజం. తేడా తొమ్మిదితో తెగింది కనుక అంకెలు తారుమారైనాయి, ఇది నిజం కానక్కర లేదు. పద్దెనిమిది రూపాయల పద్దు ఒకటి రాయడం మరిచిపోయినా తేడా పద్దెనిమిదే, తొమ్మిదితో తెగుతుంది. "అయితే" అన్న మాటను తిరగేస్తే కొత్త మాట వస్తుంది, దానికి మళ్ళీ వేరే నిరూపణ కావాలి. దీన్నే పుస్తకంలో విపర్యయం అంటారు. మొదటి అధ్యాయంలోనే ఉంది.

అప్పుడు నాకు 1993 గుర్తొచ్చింది. ఇంతవరకు మా ఇంట్లోవారికి కూడా చెప్పని సంగతి, ఆ రోజు పిల్లకు చెప్పాను. ఈ రోజు మీకు చెబుతున్నాను.

అప్పుడు నేను పెన్షన్ సీటులో ఉన్నాను. ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుని భార్యకు కుటుంబ పెన్షన్ వస్తుండేది. ఆవిడ ఊరికి దగ్గరని బ్యాంకు బ్రాంచి మార్పించుకున్నది. తర్వాతి నెల పెన్షన్ పడలేదు. రెండు బస్సులు మారి వచ్చి నా సీటు ముందు నిలబడింది. నేను రిజిస్టరు తెరవకుండానే, "ఈ ఏడాది లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి ఉండరు" అన్నాను. "ఇచ్చాను బాబూ" అన్నది. "ఇస్తే ఎందుకు ఆగుతుందమ్మా? మళ్ళీ తీసుకురండి" అన్నాను. తరువాతి నెల మళ్ళీ గెజిటెడ్ అధికారి సంతకం పెట్టించుకుని తెచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు జాబితా చూశాను. పేరు ఉంది, మొత్తం ఉంది, కూడిక కలిసింది. "మేం పంపేశాం, బ్యాంకులో అడగండి" అన్నాను. బ్యాంకువారు "ట్రెజరీలో అడగండి" అన్నారు. అలా ఐదు నెలలు గడిచాయి.

ఐదో నెల ఆవిడ వచ్చినప్పుడు నా పక్క సీటులో కొత్తగా చేరిన కుర్రవాడు, "అమ్మా, మీ పాస్ బుక్ ఉందా?" అని అడిగాడు. నేను ఒక్కసారి కూడా అడగని మాట అది. పాస్ బుక్ జాబితా పక్కన పెట్టి చూశాడు. ఖాతా నంబరులో రెండంకెలు తారుమారు వేశాను. ప్రతి నెలా కిందటి నెల జాబితా చూసి రాయడం వల్ల అదే తప్పు ఐదుసార్లు రాశాను. పేరు, నంబరు కలవక బ్యాంకువారు సొమ్మును సస్పెన్సు ఖాతాలో ఉంచారు. వారు రాసిన ఉత్తరం మా ఆఫీసులోనే ఇంకొక సీటులో ఉంది. తొమ్మిది చిట్కా ఇక్కడ పనికి రాలేదు. అది కూడికలో తేడా వస్తేనే పట్టుకుంటుంది. ఖాతా నంబర్లను ఎవరూ కూడరు కదా.

ఐదు నెలల సొమ్ము ఒకేసారి పడింది. ఆవిడ మళ్ళీ రెండు బస్సులెక్కి వచ్చి, చేతిసంచిలోంచి అరటిపళ్ళు తీసి నా బల్ల మీద పెట్టి, "నీ దయవల్ల వచ్చింది నాయనా" అన్నది. నేను ఆ పళ్ళు తీసుకున్నాను. తప్పు నాదేనని చెప్పలేదు. కుర్రవాడు నా వైపు చూసి తల దించుకున్నాడు.

పెన్షన్ దయ కాదు, హక్కు అని సుప్రీంకోర్టు చెప్పి అప్పటికి పదకొండేళ్ళు. ఆవిడ దయ అన్నది, నేను ఒప్పుకున్నాను.

ఇందులో నా తప్పులు రెండని ఈ పుస్తకం చదివాక తెలిసింది. అంకెలు తారుమారు చేయడం రెండోది. మొదటిది, మాటను తారుమారు చేయడం. "లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే పెన్షన్ ఆగుతుంది", ఇది నియమం. "పెన్షన్ ఆగింది కనుక లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వలేదు", ఇది నేను తిరగేసుకున్న మాట. దీనికి నియమంలో ఆధారం లేదు. పెన్షన్ ఆగడానికి కారణాలు నూరు ఉండవచ్చు. మీలో కౌంటరు ముందు నిలబడి "మీరే ఏదో ఇచ్చి ఉండరు" అనిపించుకున్నవారు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. ఆ మాట తర్కానికి నిలవదు. ఈసారి ఎవరైనా అంటే ధైర్యంగా చెప్పండి.

పిల్ల అంతా విన్నది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అదే పుస్తకంలో ఇంకొక పేజీ తెరిచి, "దీనికి ఉపాయం ఉంది తాతయ్యా" అన్నది. ఆ ఉపాయం మీకూ చూపిస్తాను. పెన్సిలు ఉన్నవారు రాసుకోండి.

ఖాతా నంబరు 4372 అనుకుందాం. ఎడమ నుంచి అంకెలను వరుసగా 5, 4, 3, 2తో హెచ్చించండి. నాలుగు ఐదులు 20, మూడు నాలుగులు 12, ఏడు మూడులు 21, రెండు రెండులు 4. మొత్తం 57. ఇది పదకొండుతో తెగాలంటే ఇంకెంత కలపాలి? 9 కలిపితే 66, పదకొండు ఆరులు. ఆ 9ని నంబరు చివర అంటించండి. ఇప్పుడు ఖాతా నంబరు 43729. నేను పొరపాటున 43279 అని రాశాననుకోండి. 20, 12, 6, 14 కలిపి 52, చివరి 9తో 61. పదకొండుతో తెగదు. నంబరు తప్పు అని అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఎప్పుడూ తెలుస్తుందా? ఇక్కడే నిరూపణ కావాలి. పక్కపక్క అంకెలు రెండు తారుమారైతే మొత్తం మారేది ఆ రెండంకెల తేడా అంత. అంకెల మధ్య తేడా తొమ్మిదికి మించదు, వేర్వేరు అంకెలైతే సున్న కాదు. ఒకటి నుంచి తొమ్మిది లోపు సంఖ్య ఏదీ పదకొండుతో తెగదు. కనుక తప్పు దాగడానికి వీలులేదు. ఒక్క అంకె మాత్రమే తప్పు పడినా అంతే. మారేది అయిదుకు మించని ఒక సంఖ్యను తొమ్మిదికి మించని ఇంకొక సంఖ్యతో హెచ్చించినంత. పదకొండు ప్రధాన సంఖ్య. ఆ రెండింటిలో దేన్నీ భాగించనిది వాటి లబ్ధాన్నీ భాగించదు. పుస్తకాల వెనుక ఉండే పదంకెల ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యకు ఇదే పద్ధతి. 2007 నుంచి పదమూడంకెలకు మారింది, పద్ధతి కూడా మారింది. చివరి అంకె పది కావలసి వచ్చినప్పుడు ఎక్స్ అని వేసేవారు. పాత పుస్తకాలు తీసి చూడండి.

మీ అందరి జేబుల్లో ఉన్న ఆధార్ కార్డులోనూ ఇలాంటిదే ఉంది. పన్నెండంకెల్లో చివరిది తనిఖీ అంకె. ఆ పద్ధతిని 1969లో వెర్‌హోఫ్ అనే హాలెండు దేశీయుడు కనిపెట్టాడు. అయిదు భుజాల బొమ్మను తిప్పడం, బోర్లించడం ద్వారా వచ్చే పది స్థితులను పది అంకెలుగా తీసుకుని చేసిన లెక్క అది. ఒక అంకె తప్పు రాసినా, పక్కపక్క రెండంకెలు తారుమారు చేసినా దానికి దొరికిపోతుంది. దీనికి ఆధారం గ్రూపులు అనే అధ్యాయం. మా పిల్ల "ఇది ఎందుకూ పనికిరాదు" అని పరీక్షకు వదిలేసిన అధ్యాయం అదే. దాని పని ఏమిటో తెలిశాక, చెప్పకుండానే మళ్ళీ మొదటి పేజీ నుంచి చదివింది.

నేను మురిసిపోయి, "చూశావా తల్లీ, ఆ రోజుల్లో చివర ఇలాంటి అంకె ఒక్కటి ఉండి ఉంటే ఆవిడ ఐదు నెలలు తిరిగేది కాదు" అన్నాను.

పిల్ల నెమ్మదిగా అన్నది: "ఆవిడ ఇచ్చానన్నప్పుడు మీరు నమ్మి రిజిస్టరు తెరిచి ఉంటే, ఆ అంకె కూడా అక్కర్లేకపోయేది కదా తాతయ్యా."

దానికి నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

విషయాన్ని కొంచెం తేలిక చేస్తాను. ఈ సబ్జెక్టులో చివరన గ్రాఫులని ఉన్నాయి. చుక్కలు, చుక్కల మధ్య గీతలు. మన ఆడపడుచులకు చుక్కల సంగతి చెప్పనక్కర లేదు గాని, ఇవి ముగ్గులు కావు. 1736లో ఆయిలర్ అనే మహా గణితవేత్త, కోనిగ్స్‌బర్గ్ పట్టణంలో ఏడు వంతెనలను ఒక్కొక్కటి ఒకేసారి దాటి నడవడం సాధ్యం కాదని నిరూపించడంతో ఈ శాస్త్రం మొదలైంది. ఇందులో ఒక చిన్న సంగతి ఉంది. పనులను చుక్కలుగా పెట్టి, ఏది ముందు కావాలో దాని నుంచి బాణం గీయండి. బాణాలు ఎక్కడా గుండ్రంగా తిరిగి మొదటికి రాకపోతే ఆ పనులన్నిటినీ ఒక వరుసలో పెట్టవచ్చు. తిరిగి వస్తే ఎవరి తరమూ కాదు. నేను రిటైరైనప్పుడు ఒకచోట నో డ్యూస్ తెస్తే గాని చివరి జీతం పత్రం ఇవ్వమన్నారు. నో డ్యూస్ ఇచ్చేవారు చివరి జీతం పత్రం చూపితే గాని ఇవ్వమన్నారు. రెండు చుక్కలు, రెండు బాణాలు, ఒక చక్రం. కంప్యూటరువాళ్ళు దీన్ని డెడ్‌లాక్ అంటారట. యంత్రంలో వస్తే ఎవరో ఒకరు వెనక్కు తగ్గేట్లు ప్రోగ్రాం రాస్తారు. నా విషయంలో వెనక్కు తగ్గింది ఒక పుణ్యాత్ముడైన సూపరింటెండెంటు.

మనవారి సంగతి ఒకటి చెప్పకపోతే లోటు. సి.ఆర్. రావుగారు, పూర్తి పేరు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కల ఎం.ఏ. చదివి కలకత్తా వెళ్ళి సంఖ్యాశాస్త్రంలో జగత్ప్రసిద్ధులయ్యారు. 1940లలో ఆయన చెప్పిన లంబ వ్యూహాలు, అంటే ఆర్తోగనల్ అర్రేలు, ఈనాడు కంప్యూటరు ప్రోగ్రాములను పరీక్షించడానికి కూడా వాడుతున్నారు. మన గణాలతోనే చెబుతాను. ఎనిమిదింటిలో న, య, ర, త అనే నాలుగే తీసుకోండి. మూడు స్థానాల్లో ఏ రెండు స్థానాలు చూసినా లఘువు-లఘువు, లఘువు-గురువు, గురువు-లఘువు, గురువు-గురువు నాలుగూ ఒక్కొక్కసారి వస్తాయి. ఎనిమిది పరీక్షలు చేయవలసిన చోట, జంటలను చూస్తే చాలనుకున్నప్పుడు నాలుగుతో సరిపోతుంది. అంశాలు పెరిగినకొద్దీ ఆదా ఇంకా పెరుగుతుంది. రావుగారు మన దేశంలో ఉద్యోగ విరమణ చేశాక అమెరికా వెళ్ళి మళ్ళీ పాఠాలు చెప్పారు. 2023లో నూట రెండేళ్ళ వయసులో కన్నుమూశారు. రిటైర్మెంటు అన్న మాటకు అర్థం ఆయనను చూసి నేర్చుకోవాలి.

మా పిల్ల సప్లిమెంటరీ రాసింది. యాభై ఆరు మార్కులతో ప్యాసయ్యింది. తొంభైలు రాలేదు. వాళ్ళ నాన్నకు కొంచెం వెలితిగానే ఉంది. నాకు లేదు. ఇప్పుడు ఆ పిల్ల ఏది చెప్పినా "ఎందుకు?" అంటున్నది. మా ఇంటావిడ "అమావాస్య నాడు ప్రయాణం వద్దే" అంటే కూడా ఎందుకంటున్నది. అది వాళ్ళిద్దరూ తేల్చుకోవలసిన విషయం.

సోదరులారా, మీకు నా మనవులు మూడు. మీ ఇళ్ళలో ఇంజనీరింగ్ పిల్లలు ఏ పేపరులోనైనా తప్పితే, ఫీజు లెక్క చెప్పే ముందు పుస్తకం అడిగి పక్కన కూర్చోండి. మనకు అంతా అర్థం కానక్కర లేదు. మనకు అర్థమయ్యేట్లు చెప్పబోయినప్పుడు వాళ్ళకు అర్థమవుతుంది. రెండోది, మీకే చదవాలనిపిస్తే వయసు అడ్డం కాదు. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు, 1985లో ఇందిరాగాంధీ పేరిట ఢిల్లీలో పెట్టారు. ఐ.ఐ.టి. ఆచార్యుల పాఠాలు ఎన్.పి.టి.ఇ.ఎల్. పేరుతో ఫోనులో ఉచితంగా వినవచ్చు. నేను వింటున్నాను. అర్థం కాకపోతే వెనక్కు తిప్పి మళ్ళీ వింటాను. ఆచార్యులవారు విసుక్కోరు.

మూడోది మన సంఘానికి సంబంధించినది. మన సభ్యత్వ సంఖ్యలకు చివర ఒక తనిఖీ అంకె చేర్చాలని కార్యవర్గానికి ప్రతిపాదిస్తున్నాను. చందా రసీదుల్లో, సహాయ నిధి చెల్లింపుల్లో ఒకరి నంబరు ఇంకొకరికి పడే అవకాశం చాలావరకు తగ్గుతుంది. లెక్క కట్టే చిన్న ప్రోగ్రాం మా మనవరాలు రాసి ఇస్తానన్నది. పైకం అక్కర్లేదట. ఒక షరతు మాత్రం పెట్టింది. ఎవరైనా సభ్యులు వచ్చి "నా సొమ్ము రాలేదు" అంటే, ముందు రిజిస్టరు తెరిచి చూసి, తర్వాతే మాట్లాడాలని.

ఆ షరతుకు నేను సంతకం పెట్టాను. కార్యదర్శిగారు కూడా పెడతారని ఆశిస్తున్నాను.